చక్రం ఆగని మీటరు

ఎనభై రెండు ఏప్రిల్ మొదటి వారంలో జనగామ స్టేషన్ రోడ్డులోని ఒక సర్కారు ఆఫీసుకు హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. కరెంటు కొరత తీవ్రంగా ఉంది కాబట్టి ప్రతి ఆఫీసూ మూడు నెలల్లో తన వాడకాన్ని పావు వంతు తగ్గించాలి, ఆ పని చూడటానికి ఒక ఉద్యోగిని నియమించాలి అని అందులో ఉంది. ఆఫీసరు చలపతిరావు దాన్ని చదివి సూపరింటెండెంటు వెంకట్రాజం వైపు జరిపాడు. వెంకట్రాజం దాన్ని రెండుసార్లు చదివి, పై హాలులో పడమటి గోడ పక్కన కూర్చునే క్లర్కు సునంద బల్ల మీద పెట్టాడు.

"నాకెందుకు సార్ గిది?" అంది సునంద.

"ఎండకాలమొస్తే ఉడుకుతున్నదని అందరికన్న ఎక్కువ మొత్తుకునేది నువ్వే గద. ఇగ నువ్వే చూసుకో."

పక్క బల్లల దగ్గర నవ్వులు వినిపించాయి. సునందకు ఒళ్లు మండింది. నవ్వినవాళ్లందరి నెత్తిన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పట్టపగలు పదకొండు గంటలకు హాలంతా ట్యూబులైట్లు వెలుగుతున్నాయి.

సునందకు ముప్పై ఒక్క ఏళ్లు. పుట్టిల్లు నర్మెట్ట. అరవై తొమ్మిదిలో వరంగల్ కాలేజీలో చేరిన ఏడాదే తెలంగాణ ఉద్యమం వచ్చి తరగతులు ఆగిపోయాయి, ఒక సంవత్సరం అట్లాగే పోయింది. తర్వాత టైపు నేర్చుకుని, పరీక్ష రాసి, ఈ ఉద్యోగం తెచ్చుకుంది. చేతికి వచ్చిన పనిని సగంలో వదలడం ఆమెకు రాదు. ఆ గుణం వల్లనే ఆఫీసులో ఆమెకు స్నేహితులు తక్కువ.

పైగా ఈ ఉత్తర్వు ఆమెకు ఊరికే కాగితంలా అనిపించలేదు. కిందటి ఆదివారమే తమ్ముడు హన్మంత్ నర్మెట్ట నుంచి వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

"వరి పాలు పోసుకుంటున్నదక్కా. ఇప్పుడు రెండు తడులు గట్టిగ వడాలె. కరెంటేమో పొద్దుగాల మూడు గంటలిస్తరు, అండ్ల గంట పోతది. మోటర్ పెట్టి మడి దాకా పోయేసరికి బందయితది. నీళ్లు కాల్వలనే ఇంకిపోతున్నయి."

హన్మంత్‌కు నాలుగెకరాలు. అందులో ఎకరం అప్పటికే పగుళ్లు తీసింది. ఇక్కడ ఆఫీసులో లైటు ఆర్పితే ఆ కరెంటు తిన్నగా తన తమ్ముడి మోటారుకు పోదని సునందకు తెలుసు. తెలిసినా, ఖాళీ కుర్చీ మీద తిరుగుతున్న ఫ్యాను కనిపించినప్పుడల్లా ఆ పగిలిన మడి కళ్ల ముందుకు వచ్చేది.

మొదట నోటీసు రాసి గోడకు అతికించింది. "అవసరము లేనప్పుడు లైట్లు, ఫ్యాన్లు బంద్ చేయవలెను" అని. చలపతిరావు మెట్లెక్కుతూ ఆగి చదివాడు. ఆయనది కోస్తా. వచ్చి రెండేళ్లయింది. మాట మెత్తన.

"బంద్ అంటే ఏవిటమ్మా? సర్కారు నోటీసు కదా, కాస్త తెలుగులో రాయండి" అన్నాడు నవ్వుతూ.

సునంద ఆ కాగితం చింపి, "ఆపివేయవలెను" అని మళ్లీ రాసింది. మధ్యాహ్నానికల్లా దాని కింద ఎవరో పెన్సిలుతో "కిరోసిన్ కందిళ్లు పంపిణీ చేయవలెను" అని రాసిపెట్టారు. అన్నాలకు పోయే వేళ ఆమె ఒక్కొక్క స్విచ్చూ ఆపుతూ వచ్చేది. తిరిగివచ్చి చూస్తే అన్నీ వెలుగుతూ ఉండేవి. అడిగితే "కనవడుతలేదు మేడం, ఏం జెయ్యాలె" అనేవాళ్లు. ఆ మాటలో అబద్ధం లేదు. నిజంగానే కనపడదు. నడి ఎండాకాలం, బయట చూస్తే కళ్లు తిరిగే వెలుతురు. లోపల లైటు లేకుంటే అక్షరం కనపడదు.

అది ఎందుకో ఆమెకు చూపించినవాడు బీక్యా. అతను కరెంటు ఆఫీసులో వైర్‌మన్. జనగామ దగ్గరి తండా నుంచి చదువుకుని వచ్చినవాడు. నెలనెలా మీటరు చూడటానికి వచ్చేవాడు. సునంద అతన్ని ఆపి, మీటరు చూడటం నేర్పమంది.

"అండ్ల చక్రం ఉన్నది సూడు మేడం. దానికో నల్ల గీత ఉంటది. ఆ గీత ఎంత జల్ది జల్ది తిరిగొస్తే అంత కరెంటు వోతున్నట్టు" అని చెప్పాడు. తర్వాత ఆమెతో పాటు పై హాలుకు వచ్చి చుట్టూ చూశాడు. "మీరు లైట్లు బంద్ జెయ్యమంటున్నరు గని, కిటికీలేవి?"

సునంద గోడల వెంట చూసింది. కిటికీలున్నాయి. ఉత్తరం వైపు ఆరు, తూర్పు వైపు నాలుగు, అన్నీ నిలువెత్తువి. పదేళ్ల కింద బిల్డింగు కట్టినప్పుడు కాగితాలు పెట్టడానికి ప్రత్యేకంగా గది కట్టలేదు. కట్టలు పెరిగేకొద్దీ ఇనుప అరల రాకులు తెచ్చి కిటికీలకు అడ్డంగా పెట్టారు. వాటి ముందు బీరువాలు, బీరువాల మీద మళ్లీ కట్టలు. ఎనిమిదేళ్లుగా ఆమె ఆ హాలులో కూర్చుంటున్నది. అక్కడ కిటికీలు ఉన్నాయన్న సంగతే మరిచిపోయింది.

అదే సమయానికి స్టేషన్ వైపు నుంచి బొగ్గు వ్యాగన్లు పోతున్నాయి. బల్లలు సన్నగా అదిరాయి.

"గా బొగ్గంత కాలవెట్టేది గిందుకే మేడం," అన్నాడు బీక్యా, ట్యూబులైటు వైపు గడ్డం ఎత్తి. "పగటి పూట, కిటికీ మూసి, లైటేసుకునేటందుకు."

సునంద మరునాడే వెంకట్రాజం దగ్గరికి పోయింది. రాకులన్నీ పడమటి గోడకు జరుపుదామంది. పడమటి గోడకు కిటికీల్లేవు. మధ్యాహ్నం నుంచి ఎండ దాని మీదే పడి పెనంలా కాలుతుంది. రాకులు అక్కడికి పోతే ఆ వేడి కాగితాల వెనకే ఆగుతుంది, ఇటు కిటికీలు తెరుచుకుంటాయి, లైట్లూ అక్కరలేదు, సగం ఫ్యాన్లూ అక్కరలేదు.

వెంకట్రాజం పదవీ విరమణకు రెండేళ్లున్నాయి. ఆయన ముఖం వాడిపోయింది. "కాయిదాలు జరిపినంక ఒక్క కట్ట కనవడకపోతె ఎవరు జవాబు చెప్పాలె? నేను. జర నన్ను సల్లగ పోనియ్యి సునందా."

క్లర్కులు అంతకన్నా గట్టిగా పట్టుబట్టారు. ప్రతివాడికీ తన రాకు ఒక కోటగోడ. దాని చాటున కూర్చుంటే పనికోసం వచ్చిన రైతు కంటికి కనపడడు. రాకు పోతే ఆ చాటు పోతుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. దుమ్ము వస్తుందన్నారు, వాన పడుతుందన్నారు, కోతులు వస్తాయన్నారు. మూడు వారాలు ఇదే గొడవ. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా సునందకు అదే ఆలోచన. రాకు జరపడానికి ఇంతమందిని బతిమాలాలా?

చివరకు ఎవరినీ అడగకుండా తన మూలతో మొదలుపెట్టింది. ఆఫీసులో అటెండరు యోసేపు యాభై దాటినవాడు, పొడుగు మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఒక సెలవు రోజున అతనూ ఆమే కలిసి తన సెక్షన్ కట్టలను ఒక్కొక్కటిగా దించి, నంబరు వేసి, రాకులు జరిపి, అదే వరసలో మళ్లీ పేర్చారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం నాలుగయింది. చీరంతా దుమ్ము, చేతులంతా తుప్పు. ఉత్తరం వైపు రెండు కిటికీల గడియలు సుత్తితో కొడితే గాని ఊడలేదు.

సోమవారం ఆ మూలలో గాలి వచ్చింది. పన్నెండు గంటలకు లైటు లేకుండా ఆమె రాసుకుంటూ ఉంటే, అవతలి బల్లల వాళ్లు ఏదో పని పెట్టుకుని వచ్చి అక్కడ నిలబడసాగారు. నాలుగు రోజులకు ఒకడు తన కుర్చీ తెచ్చుకుని ఆమె కిటికీ పక్కన వేసుకున్నాడు. వారం తిరిగేసరికి మిగతా వాళ్లు కూడా గొణుక్కుంటూనే రాకులు జరిపించుకున్నారు. అదంతా తమ ఆలోచనే అన్నట్టు యోసేపు మీద కేకలు వేస్తూ జరిపించారు. సునందకు కోపం వచ్చినా మింగేసింది. పని అయితే చాలు అనుకుంది.

నెలాఖరున బీక్యా వచ్చి మీటరు చూసి చెప్పిన లెక్కను ఆమె రెండుసార్లు వేసి చూసుకుంది. తగ్గింది నూటికి ఆరు.

"ఆరా?" అన్నాడు చలపతిరావు. "పావు వంతు అన్నారు కదమ్మా. ఇంత హడావుడి చేసి, ఆఫీసంతా దుమ్ము లేపి, ఆరు! మీ వల్ల కాకపోతే చెప్పండి, ఇంకొకరికి ఇస్తాను."

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ముప్పై లైట్లు ఆరాయి. పది ఫ్యాన్లు ఆగాయి. అవి ఏమై పోయినట్టు? లెక్క తప్పా, మీటరు తప్పా?

రెండో శనివారం సెలవు. పొద్దున పది గంటలకు బీక్యాను పిలిపించింది. యోసేపు తాళాలు తీశాడు. ముగ్గురూ కలిసి కింద నుంచి పైదాకా ప్రతి స్విచ్చూ ఆపారు. నీళ్ల మోటారు ఆపారు. గంట కొట్టే కరెంటు బెల్లు తీగ కూడా ఊడదీశారు. కిందికి వచ్చి మీటరు చూశారు.

చక్రం తిరుగుతోంది. నిదానంగా కూడా కాదు, నల్ల గీత ఇట్లా పోయి అట్లా వస్తోంది.

బీక్యా మీటరు పలక వెనకకు తల పెట్టి చూశాడు. అక్కడి నుంచి ఒక నల్లటి తీగ గోడ మీదుగా పాకి, వెంటిలేటరులోంచి బయటికి పోయింది. ముగ్గురూ బయటికి వచ్చి దాని వెంట నడిచారు. అది జామచెట్టు కొమ్మల్లోంచి, కాంపౌండు గోడ మీదుగా, వెనక ఉన్న ఆఫీసరు క్వార్టరు లోపలికి పోతోంది. అటువైపు కిటికీలో కూలరు బరబరమని తిరుగుతున్న చప్పుడు ఇక్కడికే వినపడుతోంది. వంటింట్లోంచి పోపు వాసన వచ్చింది.

"కూలరు, ఫ్రిజ్జు, కరెంటు పొయ్యి. అన్ని దీని మీదనే," అన్నాడు బీక్యా. "మీరెన్ని లైట్లు బంద్ జేసినా, ఎండ ముదిరినకొద్ది ఇది ఇంక ఎక్కువ తింటది."

సునంద యోసేపు వైపు తిరిగింది. అతను నేల చూస్తున్నాడు.

"నీకు ఎరికేనా అన్నా?"

"ఆరేండ్ల కింద ఏసిన్రమ్మా. ఇంతకు ముందున్న ఆఫీసరు ఏపిచ్చిండు. నిచ్చెన నేనే వట్టుకున్న." చేతిలోని తాళాల గుత్తి అటూ ఇటూ తిప్పాడు. "నన్ను అడిగెటోళ్లు ఎవరు? నేను చెప్తె ఇనెటోళ్లు ఎవరు?"

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదు. రెండు నెలలుగా తను ఒక్కొక్క స్విచ్చు కోసం మనుషులతో కొట్లాడుతుంటే, ఈ ఆఫీసులో ఎంతమందికి ఈ తీగ సంగతి తెలుసు? తెలిసీ ఎంతమంది నవ్వుకున్నారు?

సోమవారం మొదట వెంకట్రాజం దగ్గరికి పోయింది. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "నాకేం తెల్వది. నీక్కూడ తెల్వది. గంతే."

తర్వాత ఆఫీసరు గదిలోకి పోయింది. చలపతిరావు ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు. తడబడలేదు, కోప్పడలేదు.

"చూడమ్మా, నేను ఇంటికి వెళ్లాక కూడా ఫైళ్లు చూస్తానా లేదా? అంటే అదీ క్యాంపు ఆఫీసే. ఆఫీసు కరెంటు ఆఫీసులో వాడుతున్నాం. ఇందులో తప్పేవుంది?"

"మరి ఉత్తర్వు ఆఫీసుకే గద సార్. అది గూడ ఆఫీసే అయితె, అక్కడ గూడ పావు వంతు తగ్గియ్యాలె గద."

ఆయన చిరునవ్వు కాస్త సన్నబడింది. "మీ మాట నాకు సగం అర్థం కాదమ్మా. వెళ్లి పని చూసుకోండి."

మాట అర్థం కాలేదట. ఆమె బయటికి వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. ఉత్తర్వు ఫైలు తీసింది. కలం తీసి, ఆయనకు అర్థమయ్యే తెలుగులోనే రాసింది: "కార్యాలయపు మీటరు నుండి అధికారి నివాసమునకు తీగ కలదు. దానిని తొలగించనిదే ఉత్తర్వు అమలు సాధ్యము కాదు." కింద తేదీ వేసి, సంతకం చేసి, పేజీకి నంబరు వేసింది. ఫైలు వెంకట్రాజం ముందు పెట్టింది.

ఆయన చదివాడు. నుదుట చెమట పట్టింది. "సునందా, గిది చింపెయ్యి. నీ కాళ్లు మొక్కుత."

"పేజీకి నంబరు వడ్డది సార్, చింపితె తెలుస్తది."

ఫైలు ఆఫీసరు దగ్గరికి పోవాలంటే కింద వెంకట్రాజం పొట్టి సంతకం ఉండాలి. ఫైలు తిరిగి ఆమె మొహాన కొడతాడనుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, సంతకం చేశాడు.

ఫైలు తిరిగి రాలేదు. పది రోజుల తర్వాత ఒక పొద్దున కరెంటు ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి క్వార్టరుకు వేరే మీటరు బిగించారు. జామచెట్టులోంచి పోయిన నల్ల తీగను చుట్ట చుట్టి తీసుకుపోయారు. ఎవరూ దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. యోసేపు మాత్రం ఆమె బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పెడుతూ, "పోయిందమ్మా" అన్నాడు మెల్లగా.

తర్వాతి నెల మీటరు చూసి బీక్యా పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. వాడకం దాదాపు సగానికి పడిపోయింది. పావు వంతు అడిగితే సగం తగ్గించిన ఆఫీసు ఇంకెక్కడా లేదు. ఆగస్టులో హైదరాబాదు నుంచి మెచ్చుకోలు పత్రం వచ్చింది, చలపతిరావు పేరు మీద. ఆయన అందరినీ హాలులో కూర్చోబెట్టి, కిటికీల వైపు చెయ్యి చూపించి, గాలీ వెలుతురూ భగవంతుడు ఉచితంగా ఇచ్చాడని, వాటిని అడ్డుకోవడం మన తెలివితక్కువ అని అరగంట మాట్లాడాడు. సునంద పేరు రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. కొట్టకపోతే ఏమనుకుంటారో అన్న భయంతో కొట్టినందుకు వారం రోజులు తనను తానే తిట్టుకుంది.

బదిలీ ఉత్తర్వు సెప్టెంబరులో వచ్చింది. పరిపాలనా కారణాల మీద ఘనపూర్‌కు. సంగతి తెలిసి హన్మంత్ సంబరపడ్డాడు.

"గదేందక్కా, ఘనపూర్ అంటే పక్కనే గద. పొద్దున రైలెక్కితే అరగంట."

"స్టేషన్ ఘనపూర్ కాదురా. ములుగు దిక్కు ఘనపూర్."

అక్కడికి పోవాలంటే హన్మకొండ, ములుగు దాటాలి, రెండు బస్సులు మారాలి, మధ్యలో అడవి. హన్మంత్ తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "నీకెందుకక్కా గిదంత? వరి పోనే పోయింది. ఎకరంనర పసుల గడ్డికి కోసుకున్న. నువ్వు లైట్లు బంద్ జేస్తె నాకొక్క గంటన్న ఎక్కువ రాకపాయె" అన్నాడు. తిట్టినట్టు కాదు, జాలిగానే అన్నాడు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

డిసెంబరులో తన సర్వీసు పుస్తకంలో ఒక సంతకం కోసం సునంద మళ్లీ జనగామ రావాల్సి వచ్చింది. ఘనపూర్ నుంచి తెల్లవారకముందే బయలుదేరితే పన్నెండయింది. ఆఫీసరు గది గోడకు ఆ మెచ్చుకోలు పత్రం అద్దం కట్టి వేలాడుతోంది. చలపతిరావు పెద్ద ఆఫీసుకు మారిపోయాడట. కొత్త ఆయన ఇంకా రాలేదు, ఇన్‌చార్జి ఆయన కూర్చుంటున్నాడు.

పై హాలులో కిటికీలు తెరిచే ఉన్నాయి. ఒక్క లైటు వెలగడం లేదు. ఆమె సీట్లోకి వచ్చిన కొత్త క్లర్కు చలిగాలి వస్తోందని, రాకు మళ్లీ ఇటు జరిపించమని వెంకట్రాజంతో వాదిస్తున్నాడు.

"చలైతె మఫ్లర్ కట్టుకో. రాకు జరగది," అన్నాడు వెంకట్రాజం. గొంతు ఎప్పటికన్నా గట్టిగా ఉంది. అప్పుడే ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పుస్తకం తెప్పించి, సంతకాలు తనే దగ్గరుండి చేయించాడు. యోసేపు చాయ్ తెచ్చాడు.

సునంద లేస్తుండగా వెంకట్రాజం గొంతు తగ్గించి అన్నాడు: "ఆ తీగ సంగతి నాకు మొదటి దినం నుంచి ఎరికే."

"తెలుసు సార్."

"ఉత్తర్వు నీ బల్ల మీద పెట్టిన నాడు గూడ ఎరికే. ఏం జేసినా తగ్గదని ఎరికే. నవ్వులపాలయితవని ఎరికుండే పెట్టిన." ఆయన కళ్లు కిందికి దించుకున్నాడు. "మనసుల వెట్టుకోకు."

పెట్టుకోనని ఆమె అనలేకపోయింది. తనకు కోపం పోలేదు. ఆరేళ్లు నోరు మూసుకుని కూర్చున్న మనిషి, చివరకు ఒక్క సంతకం చేసిన మనిషి. ఆ ఇద్దరిలో ఏ మనిషితో మాట్లాడాలో ఆమెకు తెలియలేదు.

"నోరు తెరువక ఊకున్నరు గద సార్, గన్నేండ్లు" అంది.

"ఊకున్న" అన్నాడు ఆయన.

హన్మకొండ బస్సు ఒంటిగంటన్నరకు. అది తప్పితే ములుగు దగ్గర ఆఖరి బస్సు అందదు. సునంద పుస్తకం సంచిలో పెట్టుకుని, యోసేపుకు చెప్పి, గబగబా మెట్లు దిగింది.